షెల్టరు కింద జేజి

శుక్రవారం పొద్దున నేను అన్నం వారుస్తుంటే ఎదురింటి కోడలు వాకిట్లో నిలబడి, జేజి పోయిందక్కా అంది. ఏ జేజి అని నేను అడగలేదు. మా పాళెంలో మనవలున్న ముసలమ్మలందరూ జేజిలే, ఇంటికొకరు ఉన్నారు. కానీ ఊరి పిల్లలందరూ జేజీ అని పిలిచింది ఆమె ఒక్కదాన్నే.

పొయ్యి ఆపి బయల్దేరాను. దారిలో ఆమె మొహం తలచుకుందామంటే ముందు వీపు గుర్తుకొచ్చింది. ఎండకు రంగు పోయిన ఊదా చీర, మెడ మీద చిన్న ముడి, కొంచెం ఎడమకు ఒరిగిన భుజాలు. ఏళ్ళ తరబడి ఎండుచేపల గంప మోసి అలా ఒరిగిపోయాయి. నేను ఆమెను ఎక్కువగా చూసింది బడి కిటికీలోంచి, వెనకనుంచే. మేము లోపల మీటింగులో ఉండేవాళ్ళం. ఆమె బయట, తుఫాను షెల్టరు కింద, స్తంభాల మధ్య నీడలో మా చంటిపిల్లలను ముందేసుకుని కూర్చునేది.

నేను పుట్టింది సంగం దగ్గర, వరి పండే ఊళ్ళో. పెళ్ళయ్యాక ఈ సముద్రపు ఒడ్డుకు వచ్చాను. మా ఆయన ఐసు ఫ్యాక్టరీలో పని చేస్తాడు. నేను ఇంటర్ చదివానని, మా పెద్దవాడు రెండో తరగతిలోకి రాగానే నన్ను బడి తల్లిదండ్రుల కమిటీకి చైర్మన్‌ను చేశారు. మగవాళ్ళు వేటకు పోయుంటారు కాబట్టి మీటింగుకు వచ్చేది తల్లులే. తల్లులు వస్తే చంకలో ఒకరు, చెయ్యి పట్టుకుని ఒకరు తప్పదు. నా మొదటి మీటింగు నాకు బాగా గుర్తు. బడి అయ్యవారు మధ్యాహ్న భోజనం గురించి చెబుతున్నారు. ఒక పిల్లవాడు సుద్దముక్క నోట్లో పెట్టుకున్నాడు. ఇంకొకడు బెంచీ ఎక్కి పడ్డాడు. వాణ్ణి చూసి నా చిన్నకూతురు ఏడుపు మొదలుపెట్టింది. అది ఏడిస్తే మిగతావాళ్ళు ఊరుకోలేదు. తల్లులు ఒక్కొక్కరుగా లేచి వెళ్ళిపోయారు. చివరకు అయ్యవారు, నేను, చెవుడున్న ఒక ముసలాయన మిగిలాం. అయ్యవారు తీర్మానం మీద సంతకం పెట్టమన్నారు. ఏ తీర్మానమో నాకు వినపడనే లేదు.

తర్వాతి మీటింగుకు ఆమె వచ్చి గుమ్మంలో నిలబడింది. అప్పటికి ఆమె ఎవరో నాకు సరిగా తెలియదు. మా పెద్దవాడి తరగతిలో అంకిత అని ఒక పిల్ల ఉండేది, ఆ పిల్ల జేజి అని మాత్రం తెలుసు. గుమ్మంలోంచి లోపలికి ఒకసారి కలయజూసి, ఆ పిలకాయల్ని ఇట్టా తోలండి అంది, మేకల్ని తోలమన్నట్టు. ఎవరూ కదల్లేదు. ఆమె మళ్ళీ అడగలేదు. లోపలికి ఒక్క అడుగు వేసి, అందరికంటే గట్టిగా ఏడుస్తున్న పిల్లవాణ్ణి తల్లి ఒళ్ళోంచి తీసుకుని వెళ్ళిపోయింది. ఏడుస్తున్నవాడు పోతుంటే మిగతావాళ్ళు చూద్దామని వెంటపడ్డారు. మేము పట్టుకోబోతే అయ్యవారే పోనివ్వండమ్మా అన్నారు.

ఆ రోజు కిటికీ దగ్గర కూర్చుని సగం మీటింగు, సగం ఆమెను చూశాను. పిల్లలను ఆడించే మనిషిలా లేదు. పాట లేదు, చప్పట్లు లేవు, ముద్దుమాటలు లేవు. రావడానికి ముందే చేతులు చింతపండుతో రుద్ది కడుక్కుని వచ్చేదట, చేపల కంపుకు పసివాళ్ళు మొహం తిప్పుకుంటారని. అది నాకు చాలాకాలం తర్వాత తెలిసింది. ఆమె చేసేది ఒక్కటే. బడివైపు వీపు పెట్టి, రెండు స్తంభాల మధ్య కాళ్ళు బారజాపి కూర్చునేది. పిల్లలు అవతలకు పోవాలంటే ఆమె కాళ్ళు దాటాలి. దాటబోయిన ప్రతివాణ్ణీ చొక్కా పట్టుకుని లాగి, నీ నాయన పడవ రంగు చెప్పు, పోదువు అనేది. వాడు ఆలోచిస్తూ అక్కడే కూలబడేవాడు. చెప్పాక ఎక్కడికి పోదామనుకున్నాడో మరచిపోయేవాడు.

ఏడిచేవాళ్ళను ఊరుకోబెట్టేది కాదు. ఒకసారి నేనే అడిగాను, ఎత్తుకోవచ్చుగా జేజీ అని. ఏడవనీ అంది. సముద్రం పక్కన కూర్చుని వాడెంత ఏడిస్తే ఎవురికి వినపడతాది అంది. నిజంగానే, ఆమె దగ్గర పిల్లలు ఏడిచి ఏడిచి, తమ ఏడుపు ఎవరికీ పట్టడం లేదని గ్రహించి, ముక్కు చీదుకుని ఇసకలో కూర్చునేవాళ్ళు.

మా తల్లులతో మాత్రం కఠినంగా ఉండేది. పిల్లను దించాక ఎవరైనా రెండడుగులు వేసి వెనక్కి చూస్తే ఒప్పుకునేది కాదు. తిరిగి చూడబాక, నువ్వు చూస్తేనే వాడికి నువ్వు పోతున్నట్టు తెలస్తాది అనేది. ఆమె మాటలు అంతే, కోపమో ప్రేమో తెలియని గొంతుతో వచ్చేవి.

ఆమె బయట కూర్చోవడం మొదలుపెట్టాక మా మీటింగులు మారాయి. చేతులు ఖాళీ అయ్యేసరికి తల్లులకు నోళ్ళు వచ్చాయి. గుడ్డు కుళ్ళిందని ఒకామె చెప్పింది. ఆడపిల్లల మరుగుదొడ్డికి తలుపు లేదు, మా పిల్ల పొద్దుననుంచీ నీళ్ళు తాగకుండా ఉంటోంది అని ఇంకొకామె లేచి నిలబడి చెప్పింది. ఆ మనిషి అంతకుముందు ఎప్పుడూ నోరు విప్పినదాన్ని నేను చూడలేదు. ఆ ఏడాది మరుగుదొడ్డికి తలుపు వచ్చింది. ఆకుపచ్చ రంగు రేకు తలుపు. గడియ వేస్తే ఊరంతా వినపడేది.

నువ్వు కూడా లోపల కూర్చోవాల్సిన దానివే కదా జేజీ అని నేను చాలాసార్లు అడిగాను. అంకితకు ఉన్నది ఆమె ఒక్కతే. జేజి కూతురు ఈ పిల్లకు మాటలు రాకముందే జ్వరం వచ్చి పోయింది. అల్లుడు పులికాట్ వైపు వాడు, అక్కడికే పోయి ఇంకో పెళ్ళి చేసుకున్నాడు. బడిలో అంకిత అని రాయించింది అయ్యవారు. ఆమె మాత్రం ఊరి అమ్మవారి పేరుతో అంకమ్మా అనే పిలిచేది. నేను అలా అడిగినప్పుడల్లా ఆమె జవాబు ఒకటే. నేను లోపలికొస్తే ఈళ్ళనెవురు చూస్తారు, నువ్వు ఇని చెప్పు, చాలు.

అందుకని మీటింగు అయ్యాక షెల్టరు మెట్ల మీద కూర్చుని లోపల జరిగిందంతా ఆమెకు చెప్పడం నా పని అయింది. తల్లులు పిల్లలను ఎత్తుకుని పోయేవాళ్ళు. ఆమె చీరకు అంటిన ఇసక దులుపుకుంటూ వినేది. నేను వివరంగా చెప్పేదాన్ని. చివర్లో ఆమె, ఇంతేనా, దీనికి ఇంతసేపా అనేది. కానీ మరుగుదొడ్డి తలుపు సంగతి చెప్పిన రోజు ఆ మాట అనలేదు. ఎవరు లేచి అడిగారో మళ్ళీ చెప్పించుకుంది. ఆ తల్లి చంటికొడుకును ఆ రోజు తన ఒళ్ళో నిద్రపుచ్చింది ఆమే.

అట్లా రెండేళ్ళు గడిచాయి.

మా పిల్లలు మూడో తరగతి ముగించబోతుండగా ఒక అధికారి మీటింగుకు వచ్చాడు. మంచి మనిషే. చెప్పులు బయట విడిచి వచ్చాడు, అందరినీ అమ్మా అనే పిలిచాడు. వచ్చే జూన్‌నుంచి మూడు, నాలుగు, అయిదు తరగతులు ఇక్కడ ఉండవు, పెద్దూరు హైస్కూల్లో కలుపుతాం అని చెప్పాడు. అక్కడ తరగతికి ఒక టీచరు ఉంటారు, ఇక్కడ ఒకే అయ్యవారు అన్ని తరగతులూ ఈదుకొస్తున్నారు కదా అన్నాడు. అదీ నిజమే. పెద్దూరు కాలవకు అవతల ఉంది. రొయ్యల గుంటల మధ్య మట్టిదారి, కాలవ మీద పల్లపు వంతెన. వానాకాలం వంతెన మీదుగా నీళ్ళు పారతాయి. ఆటో పెడతామని ఆయన చెప్పాడు. లోపల కొందరు తలలూపారు, కొందరు గొణిగారు. ఎక్కువమంది నా మొహం చూశారు. ఆటో సంగతి రాతపూర్వకంగా ఇస్తారా అని అడిగాను. పైకి రాస్తానన్నాడు. ఇక ఒప్పుకున్నవాళ్ళు చేతులెత్తండమ్మా అన్నాడు.

అప్పుడు గుమ్మం దగ్గర వెలుతురు తగ్గింది. చూస్తే ఆమె. చంకలో ఒక పిల్ల, కొంగు పట్టుకుని ముగ్గురో నలుగురో, వాళ్ళ వెనక మిగతా అందరూ. ఎవరు చెప్పారో, బయట జీపు డ్రైవరే చెప్పాడో ఏమో, సంగతి ఆమె చెవిన పడింది. పిల్లలతో సహా నేరుగా లోపలికి వచ్చి బల్ల ముందు నిలబడింది.

పిల్లల్ని బయట పెట్టి రామ్మా, మాట్లాడదాం అన్నాడు ఆ అధికారి, మర్యాదగానే.

"బయట పెడితే చూసేదానికి ఎవురూ లేరు సామీ. బయటుండేదాన్ని నేనే" అంది ఆమె. "ఒక్క మాట చెప్పి పోతా."

ఆయన సరే అన్నాడు. ఆమె చంకలో పిల్లను ఇటునుంచి అటు మార్చుకుంది.

"ఈ బడి నా ఇంటి ముందర ఉండాది. గంట కొడితే నాకు వినపడతాది. నా మనవరాలిని పంపించకపోతే నాకు సిగ్గు. కాలవకు అవతలుంటే నాకు సిగ్గెవురు తెస్తారు? ఆటో రాని రోజు పిల్ల ఇంట్లో ఉంటాది. నాలుగు రోజులు ఉంటే అయిదో రోజు నేనే దాన్ని రొయ్యలు వలిచే షెడ్డుకి తోలతా. ఇంకెవురో కాదు, నేనే తోలతా. నా సంగతి నాకు తెలుసు."

ఒక మనిషి తన గురించి తాను అంతమంది ముందు అలా చెప్పడం నేను అంతకుముందు వినలేదు, తర్వాతా వినలేదు. తల్లులు తలలు వంచుకున్నారు. అందరి ఇళ్ళ సంగతీ ఆమె చెప్పినట్టయింది. ఆ అధికారి కాగితాలు పక్కకు జరిపి ఏదో అనబోయాడు. ఈలోగా పిల్లలకు తల్లులు కనబడ్డారు. అంతసేపు షెల్టరు కింద మాట్లాడకుండా కూర్చున్నవాళ్ళు ఒక్కసారిగా అమ్మా అని గుంపులోకి ఉరికారు. ఒకడు బల్ల కింద దూరాడు. చంకలో ఉన్న పిల్ల చేతులు చాపి గుక్క పట్టింది. ఆమె ఇంకా ఏదో చెబుతోంది, పెదవులు కదులుతున్నాయి, మాట మాత్రం వినపడలేదు. తల్లులు పిల్లలను ఎత్తుకుని మునుపటిలా బయటికి నడిచారు. ఆ అధికారి గడియారం చూసుకుని, మీ మాట పైవాళ్ళకు చెబుతానమ్మా అని ఆమెకు నమస్కారం పెట్టి జీపెక్కాడు.

ఆ రోజు మెట్ల మీద కూర్చుని నేను ఆమెకు చెప్పాల్సింది ఏమీ లేకపోయింది. ఆమే, పిలకాయల్ని తీసుకోని లోపలికి రాకుండా ఉండాల్సింది అంది.

జూన్‌లో తరగతులు పెద్దూరు పోయాయి. ఆటో వచ్చింది. పిల్లలు సరదాగానే ఎక్కారు. అక్కడ మొదటి తల్లిదండ్రుల మీటింగు పెట్టినప్పుడు మేము పాళెంనుంచి కొంతమంది నడిచి వెళ్ళాం. కాలవ దగ్గరకు వచ్చాక చూస్తే వెనక ఆమె వస్తోంది. అప్పటికే కుడికాలి బొటనవేలికి గుడ్డ కట్టి ఉంది. పడవలు లాగేచోట ఏదో గుచ్చుకుందట. ఎందుకు జేజీ ఈ ఎండలో అంటే, మీరు మాట్లాడాల గదా అంది.

పెద్దూరు బడికి గేటు ఉంది, గేటుకు మనిషి ఉన్నాడు. తల్లిదండ్రులు లోపలికి, మిగతావాళ్ళు బయట అన్నాడు. ఆమె పిల్ల కూడా ఈ బళ్ళోనే చదువుతోందని నేను చెప్పాను. ఆమె నన్ను ఆపి, నాకు లోపలేం పనిలేదు, పిల్లల్ని ఇక్కడ వదిలిపోండి అని గేటు పక్కన వేపచెట్టు నీడలో కూర్చుంది. మా పాళెం పిల్లలు ముగ్గురు ఆమె దగ్గరికి పోయారు. పెద్దూరు తల్లి ఒకామె తన రెండేళ్ళ కొడుకును నడిపించుకుంటూ వస్తోంది. వాడు పిల్లలను చూసి అటు లాగాడు. జేజి కాళ్ళు చాపి, రా అబ్బయ్యా అంది. ఆ తల్లి చటుక్కున వాణ్ణి ఎత్తుకుని, ముక్కు దగ్గర కొంగు పెట్టుకుని లోపలికి నడిచింది. జేజి చాపిన కాళ్ళు మెల్లగా దగ్గరకు లాక్కుంది.

మీటింగు సాగింది. మేము వెనక బెంచీల్లో కూర్చున్నాం. మాలో ఎవరూ నోరు తెరవలేదు. తిరిగి వచ్చేటప్పుడు లోపల ఏమి జరిగిందని ఆమె అడగలేదు. ఆ తర్వాత ఆమె పెద్దూరు రాలేదు.

వానలు పడ్డాక వంతెన మునిగింది. ఆటో ఆగింది. నీళ్ళు తీశాక ఆటో మళ్ళీ వచ్చింది గానీ రోజూ రాలేదు. మా వాణ్ణి మా ఆయన బండి మీద దించేవాడు. అంకితను కూడా ఎక్కించుకునేవాడు. కొన్ని రోజులు ఆ పిల్ల సంచి వేసుకుని తయారుగా నిలబడేది. కొన్ని రోజులు, జేజికి బాలేదు మామా, నేను రాను అనేది. ఆ చలికాలంలోనే జేజి గంప నెత్తికెత్తుకోవడం మానేసింది. చక్కెర జబ్బుంది, పుండు మానదు అని డాక్టరు చెప్పాడట.

ఒకరోజు సాయంత్రం చూడబోయాను. వాకిట్లో అంకిత కూర్చుని ఉంది, జేజి ఆ పిల్ల చేతులు తన ఒళ్ళో పెట్టుకుని కొబ్బరినూనె రాస్తోంది. వేళ్ళ కొసలు నాని తెల్లబడి, తోలు లేచి ఉన్నాయి. రొయ్యలు వలిచేవాళ్ళ వేళ్ళు అట్లా అవుతాయి. ఐసులో, ఆ నీళ్ళలో నాని నాని. నేను పిల్ల వైపు చూశాను. ఎన్నాళ్ళనుంచి అని అడగబోయాను.

"దాన్ని అడగబాక" అంది జేజి. "నన్నడుగు."

నేను వాళ్ళ పక్కన కూలబడ్డాను. ఆమె నూనె రాస్తూనే ఉంది.

"మీటింగులో చెప్పిందే చేసినా. నేనేమీ అబద్ధం చెప్పలేదు."

కావలి దగ్గర ఆడపిల్లల హాస్టలు బడి ఉందని, అక్కడి టీచరుతో నేను మాట్లాడతానని చెప్పాను. ఆమె తలూపింది. పంపించాల్సిందే అంది. ఈ కాలు కొంచెం కుదురుకోనీ, నేనే తోడు తీసుకోని పోయి వదిలిపెట్టి వస్తా అంది. ఆ మాట ఎన్నిసార్లు చెప్పిందో. నేను టీచరుతో మాట్లాడాను, చేర్చుకుంటామన్నారు. పండగ పోనీ అంది, వేసవి పోనీ అంది. ఒకసారి గట్టిగా అడిగితే గోడవైపు తిరిగి పడుకుంది. గుక్కెడు నీళ్ళు అందించడానికి ఆ ఇంట్లో ఇంకో మనిషి లేదు. అది ఆమె నోటితో చెప్పలేదు. చెప్పి ఉంటే నేనైనా ఏమనగలను? పక్కిళ్ళ వాళ్ళం గిన్నెలో అన్నం ఇవ్వగలం, పగలు కాసేపు కూర్చోగలం. రోజంతా ఎవరుంటారు? అంకిత పొద్దున షెడ్డుకు పోయి, మధ్యాహ్నానికి వచ్చి, జేజికి కట్టు మార్చి, అన్నం వండేది. చూస్తుండగానే ఆ పిల్ల ఎత్తు పెరిగింది. మా వాడు ఎదురుపడితే మాట్లాడకుండా తల వంచుకుని పోయేది.

శుక్రవారం నేను వెళ్ళేసరికి జేజిని వాకిట్లో పడుకోబెట్టారు. కాలికి తెల్లగుడ్డ చుట్టి ఉంది. అప్పుడు చూశాను మొహం. పెద్ద మొహం, మూసిన కళ్ళ మధ్య ముడుత అట్లాగే ఉంది, ఎవరినో అదిలించబోతున్నట్టు. ఆమె దగ్గర పిల్లలను వదిలిపెట్టిన తల్లులందరూ వచ్చారు. గట్టిగా ఏడ్చినవాళ్ళు తక్కువ. ఆకుపచ్చ తలుపు కోసం లేచి నిలబడిన ఆమె మాత్రం గోడకు ఆనుకుని, ముఖం దాచుకుని చాలాసేపు ఏడ్చింది. అంకిత ఏడవలేదు. వచ్చినవాళ్ళకు నీళ్ళు ఇస్తోంది.

మధ్యాహ్నానికి అల్లుడు వచ్చాడు. బక్కపల్చటి మనిషి, మోటారు సైకిలు మీద పులికాట్ వైపునుంచి అంత దూరం వచ్చాడు. కొరివి పెట్టాల్సింది తానేనని ఎవరూ చెప్పకముందే ముందుకు వచ్చాడు. చెడ్డవాడు అనడానికి లేదు. మూడోనాడు పాలుపోసే పని అయ్యాక అంకితను తీసుకుపోతానన్నాడు. తండ్రి కదా, కాదనేది ఎవరు? ఆ మూడోనాడు, వాళ్ళు బయల్దేరబోతుండగా, హాస్టలు సంగతి చెబుదామని నేను ముందుకు వెళ్ళాను. చేర్చుకుంటామన్నారు, బట్టలూ పుస్తకాలూ అన్నీ వాళ్ళే ఇస్తారు, సెలవులకు నీ దగ్గరికి వస్తుంది అన్నాను. అతను శ్రద్ధగానే విన్నాడు. అంకిత లోపల సంచి సర్దుకుంటోంది. గడపలోకి వచ్చి మా ఇద్దరినీ చూస్తూ నిలబడింది.

"అంత దూరం ఎందుకులేక్కా. నా బిడ్డ నా కాడ ఉంటాది" అన్నాడు.

మీ ఊళ్ళో బడి ఉందా మరి అని అడిగాను.

"ఉంటాదిలేక్కా" అన్నాడు. "మా ఆడది వలలల్లే పనికి పోతాది. ఇంట్లో చిన్నోడుండాడు, ఇంకా నడక రాలేదు. వాణ్ణి చూసే మనిషి లేక అల్లాడిపోతుండాం."

అంకిత సంచి తెచ్చుకుని బండి వెనక కూర్చుంది.